స్టాకులో లేని మనిషి

గవరమెట్ట దగ్గర జీడితోటలు కొట్టేసి ప్రభుత్వం వారు ఒక గోడ కట్టించారు. ఇంటి గోడ కాదు, ప్రహరీ గోడ కాదు. కార్లు వచ్చి గుద్దుకోవడానికని ప్రత్యేకంగా కట్టిన గోడ. మన దేశంలో ఏ గోడ చూసినా, పాపం, దాని మీద అది చేయరాదు, ఇది అంటించరాదు అని రాసి ఉంటుంది. ఈ ఒక్క గోడకి మాత్రం వచ్చి గుద్దండి బాబూ అని ప్రభుత్వమే పిలుపు ఇచ్చింది. ఆ గోడ చుట్టూ లేచిందే రాష్ట్ర వాహన సురక్షా పరీక్షా సంస్థ.

సంస్థకి గోడ ఉంది. గుద్దడానికి కారు ఉంది. కార్లో కూర్చోబెట్టడానికి విదేశాల నుంచి తెప్పించిన నిలువెత్తు బొమ్మ ఉంది. డైరెక్టరుగా కవుటూరి త్రివిక్రమరావుగారు ఉన్నారు. ఆయన అంతకుముందు పశుసంవర్ధక శాఖలో చేశారు, దానికి ముందు చేనేతలో చేశారు. గొర్రెలూ మగ్గాలూ చూసినవాడికి కార్లొక లెక్కా అని పైవాళ్లు అనుకున్నారు, ఆయనా అనుకున్నారు. రిటైర్మెంటుకి ఇక కొద్ది నెలలే ఉన్నాయి. సర్వీసులో ఒక్క ఆడిట్ అభ్యంతరం కూడా లేకుండా పెన్షన్ పుచ్చుకోవాలన్నదే ఆయనకి మిగిలిన ఏకైక కోరిక.

ఇక మజ్జి రోహిణి. ఆ సంస్థలో కారు గోడని గుద్దితే ఏమవుతుందో తెలిసిన మనిషి ఆమె ఒక్కర్తే. దాని మీదే ఎంటెక్ చేసింది. అంత తెలిసిన మనిషిని సంస్థలోకి ఎలా తీసుకున్నారంటే, ఔట్‌సోర్సింగ్ మీద తీసుకున్నారు. ఏడాదికోసారి రెన్యువల్. జీతం ఏజెన్సీ వాడిస్తాడు, ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా వాడి దగ్గరే ఉంటాయి. హాజరుపట్టీలో ఆమె పేరుండదు. ఆగస్టు పదిహేనున గ్రూపు ఫోటో తీసేటప్పుడు, "అమ్మా, నువ్వు కాస్త పక్కకి జరుగు" అంటారు. ఆరేళ్లుగా జరుగుతూనే ఉంది.

ఆమెతో మనిషిలా మాట్లాడేది స్టోర్‌కీపర్ సింహాద్రి. సంస్థలో ఏ వస్తువు అడుగుపెట్టినా దాని మీద తెల్ల పెయింటుతో నంబరు వేయడం ఆయన ఉద్యోగం. కుర్చీకి వీపున, ఫ్యానుకి రెక్క మీద, బకెట్టుకి అడుగున, అన్నిటికీ వేశాడు. విదేశీ బొమ్మ వచ్చిననాడు కూడా, "ఇమానంలో వొచ్చినారు, మర్యాద సెయ్యాల" అని దానికి కుర్చీ వేసి, ఆ తర్వాతే మోచేతి మీద నంబరు వేశాడు. అప్పట్నుంచి దాన్ని బాబుగారు అనే పిలిచేవాడు.

మొదటి పరీక్ష దివ్యంగా జరిగింది. తాడు కట్టి లాగితే కారు యాభై కిలోమీటర్ల వేగంతో వచ్చి గోడని కొట్టుకుంది. ముందు భాగం ముద్దయిపోయి అద్దం దాకా వచ్చి ఆగింది. బెల్టు పట్టింది, గాలి సంచి పొంగింది, బాబుగారికి చిన్న గీత కూడా పడలేదు. రోహిణి ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టింది. పక్కకి తిరిగి చూస్తే డైరెక్టరుగారు నెత్తిన చేతులు పెట్టుకుని ఉన్నారు.

"ఏమ్మా, ప్రభుత్వ వాహనం తుక్కయిపోతే చప్పట్లా?" అన్నారాయన.

"ముందు భాగం నలగాలండి. అది నలిగినంతసేపూ లోపలి మనిషికి మెల్లగా ఆగే వీలుంటుంది. నలగడమే దాని పని."

"నలగడం పనేమిటమ్మా. ఆ పని చేయడానికి దాన్ని కొన్నట్టు పర్చేజ్ ఆర్డరులో ఎక్కడైనా ఉందా?"

లేదు. అదే ఆయన బాధ. ఆ బాధకి తగ్గట్టే వారం తిరక్కుండా ఆడిట్ ఆఫీసరు చెన్నకేశవులుగారు దిగారు. సన్నగా, సౌమ్యంగా ఉంటారు. గొంతు పెంచరు. టీ ఇస్తే తాగరు, కుర్చీ వేస్తే ముందు దాని వీపు మీద నంబరు చూసి గానీ కూర్చోరు.

"ప్రభుత్వ వాహనాన్ని ప్రభుత్వ గోడకేసి ఉద్దేశపూర్వకంగా కొట్టినట్టు కనబడుతోంది. బాధ్యులెవరో స్థిరీకరించి, నష్టాన్ని వారి నుంచి రాబట్టవలసి ఉంటుంది," అన్నారు చెన్నకేశవులుగారు.

"అదే మా సంస్థ లక్ష్యమండి," అన్నారు డైరెక్టరుగారు.

"లక్ష్యంతో మాకు నిమిత్తం లేదు. నష్టంతోనే మా నిమిత్తం. రెండో అంశం. గుద్దుకోబోయే ముందు కారులో ఇంత ద్రవ్యవేగం ఉన్నట్టు మీ పరీక్షా పత్రంలో చూపారు. గుద్దుకున్నాక సున్న అని చూపారు. మధ్యలో అది ఏమైనట్టు?"

డైరెక్టరుగారు రోహిణి వైపు చూశారు. రోహిణి ముందుకొచ్చి, "గోడకి పోయిందండి. గోడ ద్వారా భూమికి పోయింది," అంది.

"గోడ రసీదు ఇచ్చిందా?"

"లేదండి."

"అయితే పోయిందని ఎలా అంటారు? ప్రభుత్వ ఖర్చుతో తయారుచేసిన ద్రవ్యవేగం, రసీదు లేకుండా అన్యాక్రాంతమైనదని రాసుకుంటాను," అని చెన్నకేశవులుగారు నిజంగానే రాసుకున్నారు.

డైరెక్టరుగారికి ఆ పూట అన్నం సహించలేదు. పెన్షన్‌లోంచి కారు ఖరీదు కోస్తారేమోనన్న బెంగతో మర్నాడు అత్యవసర సమావేశం పెట్టారు. తీర్మానం ఆయనే చెప్పారు. ఈసారి తెచ్చే కొత్త కారు ముందు భాగానికి రైలు పట్టాల ముక్కలు బోల్టులతో బిగించాలి. ఇకమీదట కారుకి సొట్ట పడితే ఒట్టు.

రోహిణి మనసు ఊరుకోలేదు. కిటికీలోంచి బయటికి చూపించింది. అక్కడ కొత్త సైకిల్ షెడ్డు కడుతున్నారు, కింద ఒకతను ఇటుకలు విసురుతుంటే పైన ఇంకొకతను అందుకుంటున్నాడు.

"చూడండి సార్. ఇటుక వస్తుంటే అతను చేతులు బిగబట్టి ఉంచడు. దాంతోపాటు వెనక్కి వంచుతాడు. బిగబడితే దెబ్బ అంతా ఒక్కసారే పడి వేళ్లు విరుగుతాయి. వంచితే అదే దెబ్బ కాస్తకాస్తగా పడుతుంది. కారు ముందు భాగం మన చేతుల్లాంటిదండి. పట్టాలు బిగిస్తే ఇక వంచడానికేమీ ఉండదు. ఆ దెబ్బంతా లోపలి మనిషే కాయాలి."

త్రివిక్రమరావుగారు ఓపికగా విన్నారు. పైగా ఇటుకలు అందుకునే ఆయన వైపు కూడా కాసేపు చూశారు. "అమ్మా, మెత్తనిది పాడవుతుంది, గట్టిది పాడవదు. ఇది నేను పశుసంవర్ధక శాఖ నాటినుంచీ చూస్తున్నాను," అన్నారు. పట్టాలు బిగించారు.

రెండో పరీక్షలో కారుకి సొట్ట కాదు కదా, రంగు కూడా పోలేదు. గోడ మాత్రం ఒక పెచ్చు ఊడింది. లోపల బాబుగారి తల ఊడి, దొర్లుకుంటూ వెనక సీట్లోకి వెళ్లి కూర్చుంది. సింహాద్రి దాన్ని తువ్వాల్లో చుట్టి తెచ్చి, "ఏటి సేసినారమ్మా ఈ పెద్దమనిసిని," అని కళ్లొత్తుకున్నాడు. డైరెక్టరుగారు బాబుగారి జోలికి పోలేదు. కారు చుట్టూ మూడుసార్లు తిరిగి, బానెట్ మీద అరచేత్తో కొట్టి చూసుకుని, స్వీట్లు తెప్పించారు. 'అత్యంత సురక్షిత వాహనం' అని పైకి నివేదిక కూడా పంపేశారు. ఆ నివేదిక చదివి రవాణా మంత్రిగారు మురిసిపోయి, రాష్ట్రంలోని స్కూలు వ్యాన్లన్నిటికీ ముందు పట్టాలు బిగించే ఆలోచన చేస్తున్నామని, దానికి ముందు తానే స్వయంగా వచ్చి ఒక పరీక్ష చూస్తానని కబురు పెట్టారు. వ్యాన్లకి ఆ పని వద్దంటూ రోహిణి కాగితం రాసిస్తే, డైరెక్టరుగారు చదవకుండానే వెనక్కిచ్చారు.

ఈలోగా చెన్నకేశవులుగారు మళ్లీ వచ్చారు.

"కారు బాగుంది. సంతోషం," అన్నారు. "అయితే బొమ్మ కారు కంటే ఖరీదైనది. దిగుమతి సుంకం కూడా కట్టాం. దాని తల మీ హయాంలో పోయింది. ఇంతకీ డ్రైవరు సీట్లో కూర్చోబెట్టారు కదా, దానికి లైసెన్సు ఉందా?"

డైరెక్టరుగారు అప్పటికప్పుడు బొమ్మకి తల అతికించి, దూది చుట్టి, స్టోరులో పెట్టి తాళం వేయించారు. గోడకి ఉక్కు పలక తొడిగించారు, కార్లో కొత్త గాలి సంచి పెట్టించారు. ఇప్పుడు కారూ పాడవదు, గోడా పాడవదు, బొమ్మా పాడవదు. మరి మంత్రిగారు వచ్చిననాడు కార్లో ఎవరు కూర్చుంటారన్నది మిగిలింది. ఖాళీ కారు గోడకి కొడితే అది పరీక్ష ఎలా అవుతుంది?

"నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి," అన్నారు చెన్నకేశవులుగారు. "స్టాకులో ఉన్న వస్తువుకి నష్టం జరిగితే ఆడిట్ అభ్యంతరం. పర్మనెంట్ ఉద్యోగికి నష్టం జరిగితే వైద్య ఖర్చులు, ప్రత్యేక సెలవు, మళ్లీ అభ్యంతరం. ఈ రెంటిలో దేనిలోనూ చేరనిది మీ దగ్గర ఏమైనా ఉంటే, దానికి ఏం జరిగినా మాకు కనబడదు."

గదిలో అందరూ ఆలోచించారు. ఆలోచన ముగించి అందరూ రోహిణి వైపు చూశారు. ఆరేళ్లలో అందరూ కలిసి ఆమె వైపు చూడడం అదే మొదలు.

"సార్, నేను చచ్చిపోతానండి," అంది రోహిణి. మిగతావాళ్లకి ఇది ఒక అభిప్రాయంలా వినిపించి ఉంటుంది. ఆమెకి అది లెక్క. పట్టాలు బిగించిన కారు ఎంత దూరంలో ఆగుతుందో, ఆ దూరంలో మెడ మీద ఎంత బరువు పడుతుందో ఆమెకి ఎదురుగా కనబడుతోంది.

"అలా అశుభం మాట్లాడకూడదమ్మా. నివేదికలో అత్యంత సురక్షితమని మనమే రాశాం. నీకేమీ కాదు. అయినా నీ రెన్యువల్ ఫైలు నా బల్ల మీదే ఉంది, మంత్రిగారి కార్యక్రమం కాగానే చూద్దాం," అన్నారు డైరెక్టరుగారు. ఆయన చెడ్డవారేమీ కాదు. ఇంట్లో పిల్లికి పాలు పోసి గానీ కాఫీ తాగరు. పిల్లి వల్ల పెన్షన్‌కి ఇబ్బంది లేదు, అంతే.

రోహిణి స్టోరు గదికి వెళ్లి కూలబడింది. ఉద్యోగం వదిలేసి పోదామంటే సర్టిఫికెట్లు ఏజెన్సీ వాడి బీరువాలో ఉన్నాయి. పోలీసుల దగ్గరికి పోదామంటే ఇంకా ఏమీ జరగలేదు, జరిగాక పోవడానికి తను ఉండదు. ఏడుపు వచ్చేసింది. ఏడుస్తూ తల తిప్పితే, పక్కన బాబుగారు దూది చుట్టుకుని, పట్టుబట్ట కప్పుకుని హాయిగా కూర్చుని ఉన్నారు. మోచేతి మీద తెల్లటి నంబరు.

ఆమె చాలాసేపు ఆ నంబరే చూసింది. తర్వాత ముక్కు తుడుచుకుని, "సింహాద్రి బాబాయ్, నాకూ ఒక నంబరు వెయ్యి," అంది.

"ఏటమ్మా, బుర్ర గాని తిరిగిపోనాదేటి? మనిసికి నంబరేటి?"

"మనిషిని ఎవరు చూస్తున్నారు బాబాయ్ ఇక్కడ? వస్తువునైతే చూస్తారు."

సింహాద్రి బ్రష్ పట్టుకుని కాసేపు తటపటాయించాడు. వేయకపోతే పిల్ల చచ్చిపోతుంది, వేస్తే తన ఉద్యోగానికి ఎసరు. "ఎలగొచ్చినావో రాయాల కదమ్మా. కొన్నామని రాస్తే బిల్లడుగుతారు," అన్నాడు.

"విరాళంగా వచ్చానని రాయి."

"అబద్దం రాయలేనమ్మా."

"అబద్ధమేముంది? నాకిచ్చే జీతానికి ఆరేళ్లుగా నేను చేస్తున్నది విరాళం కాక మరేమిటి?"

సింహాద్రికి ఆ మాట న్యాయంగా తోచింది. 'మనిషి, ఆడ, ఒకటి, వాడుకలో ఉన్నది' అని స్టాకులో ఎక్కించి, చేతి మీద చల్లటి పెయింటుతో నీటుగా నంబరు వేశాడు. ఆరేదాకా ఊదుతూ కూర్చున్నాడు కూడా.

మంత్రిగారి కార్యక్రమం ఒకటో తారీఖున పెట్టారు. ముందురోజే త్రివిక్రమరావుగారు రిటైరయ్యారు. దండలు పడ్డాయి, గోడ గడియారం ఇచ్చారు. కానీ మంత్రిగారి చేతి శాలువా ఎలా వదులుకుంటారు? అందుకని తనని తాను గౌరవ సలహాదారుగా నియమించుకునేలా చివరి సంతకం ఒకటి పెట్టుకుని, ఒకటో తారీఖు పొద్దున్నే షామియానా కింద హాజరయ్యారు. కొత్త డైరెక్టరు ఇంకా చేరలేదు. పాత అలవాటు మీద అందరూ ఈయన మాటే వింటున్నారు.

మంత్రిగారు వచ్చారు, శాలువా కప్పారు. "నాకు అవతల ఒక పెళ్లుంది, తొందరగా గుద్దించండి," అన్నారు.

"రోహిణీ, వెళ్లి కూర్చోమ్మా," అన్నారు సలహాదారుగారు.

రోహిణి కారు దాకా వెళ్లింది. అక్కడ చెన్నకేశవులుగారు స్టాకు పరిరక్షణ నిమిత్తం నిలబడి ఉన్నారు. ఆమె చేతి మీది గుడ్డ పైకి లాగింది. ఆయన కళ్లజోడు సవరించుకుని నంబరు చదివి, చేయి అడ్డం పెట్టారు.

"ఆపండి. ఇది స్టాకు. నిన్నటి తేదీతో ఎక్కి ఉంది, నేనే తనిఖీ చేశాను. దీన్ని పాడు చేయడానికి వీల్లేదు."

"అది రోహిణి అండీ," అన్నారు సలహాదారుగారు.

"పేరుతో మాకు నిమిత్తం లేదు. నంబరు ఉంది."

మంత్రిగారు వాచీ చూసుకున్నారు. "ఎవరో ఒకరిని కూర్చోబెట్టండయ్యా."

చెన్నకేశవులుగారు అక్కడున్నవాళ్లని ఒక్కొక్కరినీ చూస్తూ పోయారు. సింహాద్రి పర్మనెంట్. తాడు లాగే ఆపరేటరు పర్మనెంట్. షామియానా అద్దెది, దాని యజమానికి రసీదు ఇచ్చాం. చివరికి ఆయన చూపు కొత్త శాలువా మీద పడి ఆగింది.

"సలహాదారుగారూ, మీరు నిన్న సాయంత్రంతో ఉద్యోగుల్లోంచి వెళ్లిపోయారు. స్టాకులో మీరు లేరు. గౌరవ పదవి గనక జీతమూ లేదు. నిబంధనల ప్రకారం మీకేం జరిగినా మాకు అభ్యంతరం లేదు," అన్నారు చాలా మర్యాదగా.

"శభాష్," అన్నారు మంత్రిగారు. "తాను తయారుచేసిన కారులో తానే కూర్చునే డైరెక్టరుని ఎక్కడైనా చూశామా? ఫోటోలు బాగా తీయండి."

త్రివిక్రమరావుగారికి చెమటలు పట్టాయి. కాదంటే నివేదిక అబద్ధమని మంత్రిగారి ముందు ఒప్పుకున్నట్టు. ఔనంటే మెడ. రోహిణిని పక్కకి పిలిచి, శాలువా చివరతో మొహం తుడుచుకుంటూ, "ఏమ్మా, ఆ రోజు ఇటుకలని ఏదో చెప్పావు. అది మళ్లీ ఒకసారి చెప్పు," అన్నారు.

"పట్టాలు తీసేయాలండి."

"తీసెయ్."

"బిగించాలని సమావేశంలో తీర్మానం అయింది కదండీ. తీయాలన్నా తీర్మానం కావాలి. పైగా అవి స్టాకు." ఆమె వెటకారానికి అనలేదు. ఆరేళ్లలో నేర్చుకున్నది అప్పజెప్పింది, అంతే.

ఆయన సింహాద్రి చేతిలోంచి పానా లాక్కుని, పట్టుపంచె మోకాళ్ల పైకి ఎగగట్టి, నేల మీద పడుకుని ఒక్కొక్క బోల్టూ తనే విప్పారు. మంత్రిగారికి ఇంకో టీ ఇచ్చారు. బెల్టు బిగించడానికి రోహిణి వంగినప్పుడు, ఆయన ఆమె చేయి పట్టుకున్నారు. "గట్టిగా బిగించమ్మా. ఇంకా గట్టిగా."

తాడు లాగింది. కారు వెళ్లి గోడని కొట్టింది. ఆ చప్పుడుకి షామియానాలో కుర్చీలు అదిరాయి. దుమ్ము తగ్గాక చూస్తే కారు ముందు భాగం లేదు, పొట్లం కట్టిన కాగితంలా నలిగి అద్దం దాకా వచ్చి ఉంది. లోపల గాలి సంచి మీద తల పెట్టుకుని త్రివిక్రమరావుగారు ఉన్నారు. కదల్లేదు. రోహిణి పరిగెత్తుకెళ్లి తలుపు లాగింది. ఆయన కళ్లు తెరిచి, కళ్లజోడు ఎక్కడుందో వెతుక్కున్నారు. మెడ తిప్పి చూసుకున్నారు. మోకాళ్లు తడుముకున్నారు. అన్నీ ఉన్నాయి.

మంత్రిగారు పెదవి విరిచారు. "ఏమిటయ్యా, బండి తుక్కయిపోయింది. పోయినసారి సొట్ట కూడా పడలేదన్నారు," అంటూ పెళ్లికి వెళ్లిపోయారు.

చెన్నకేశవులుగారు దగ్గరికొచ్చి కలం తీశారు. "వాహనం పూర్తిగా ధ్వంసం. పట్టాలు అనుమతి లేకుండా తొలగింపు. సలహాదారునికి నష్టం ఏమీ లేదు. బాధ్యత మీ మీదే స్థిరపడుతోందండి. పెన్షన్‌లోంచి రాబట్టవలసి ఉంటుంది."

"రాసుకోవయ్యా. నెలనెలా కోసుకో. పుచ్చుకోవడానికి మనిషినంటూ మిగిలాను," అన్నారు త్రివిక్రమరావుగారు. అని, నడిరోడ్డు మీద తప్పిపోయిన పిల్లాడిలా కాసేపు ఏడ్చారు. తర్వాత రోహిణి వైపు తిరిగారు. "ఆ స్కూలు వ్యాన్లకి పట్టాలు బిగించొద్దని నువ్వు రాసిచ్చిన కాగితం ఉందే, అది తేమ్మా. ఇప్పుడే సంతకం పెడతాను."

రోహిణి ఆయన నలిగిన శాలువా సర్దింది. "మీరు నిన్ననే రిటైరయ్యారండి," అంది.

ఆ సాయంత్రం ఆమె కుళాయి దగ్గర కూర్చుని, కిరసనాయిలు గుడ్డతో చేతి మీది నంబరు తుడవబోయింది. సింహాద్రి పరిగెత్తుకొచ్చి ఆపాడు.

"ఒద్దమ్మా. స్టాకులోంచి తియ్యాలంటే కండెమ్ కమిటీ కూసోవాల. ఆ కమిటీ ఈ ఆపీసు పెట్టిన కాడినుంచి ఒక్కపాలీ కూసోలేదు. నిన్ను ఇక్కడినుంచి కదపడం ఎవులి తరమూ కాదు."

రోహిణి గుడ్డ పక్కన పెట్టింది. మర్నాడు కొత్త డైరెక్టరు వచ్చారు, ఆయన మత్స్యశాఖ నుంచి. ఆమె తన కాగితం పట్టుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన చదవలేదు. అలాగని ఆమెను బయటికి పొమ్మనీ అనలేకపోయారు. ఇటుకల సంగతి చెప్పడం మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టింది. రోజూ వెళ్లి చెబుతూనే ఉంది. ఆ ఏడాది రెన్యువల్ జాబితాలో ఆమె పేరు లేదు. కుర్చీలకీ ఫ్యాన్లకీ కూడా రెన్యువల్ ఉండదు.